పటములోని పేదవాడు

పేదవాని బొమ్మను చూచి సంతోషించుట న్యాయమా? ఈ ప్రశ్న కొందరికి వింతగా తోచవచ్చును. బొమ్మ చక్కగా కుదిరినయెడల చూచువాడు సంతోషించును, అందులో తప్పేమున్నదని వారందురు. పువ్వు బొమ్మను చూచి సంతోషించుటకు ఎవరి సెలవును అక్కరలేదు. కాని బొమ్మలోనున్నది చినిగిన చొక్కాతో కట్టెలమోపు మోయుచున్న ముసలివాడైనప్పుడు సంగతి వేరు. ఆ చినుగు నిజమైన చినుగు. ఆ మోపు బరువు నిజమైన బరువు. వంగిన వీపు పటములో ఎంతో అందముగా కనబడవచ్చును. ఆ వీపుగలవానికి అందులో అందమేమియు లేదు. అట్టి పటమును గోడకు తగిలించుకొని మనము దినదినము ఆనందించునప్పుడు ఆ ముసలివానికిని మనకును ఉన్న సంబంధమేమి? మనము అతనిని చూచుచున్నామా? లేక అతని బొమ్మను చూచుటచేత అతనిని చూడకుండ తప్పించుకొనుచున్నామా?

ఈ సంగతిని ఆలోచించుటకు పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండు దేశము తగిన చోటు. ఆ నూరేండ్లలో అక్కడ పల్లెటూరి బ్రదుకును చూపు పటములు లెక్కలేకుండ అచ్చుపడెను. కళ్లములు, గడ్డివాములు, నాగళ్లు, మందలు, పూరిగుడిసెలు, సంతకు పోవు బండ్లు, వీటిని పట్టణములోని కలిగినవారు కొని పుస్తకములలో దాచుకొనిరి, గోడలకు పెట్టుకొనిరి. అదే కాలములో ఆ పల్లెలోని కూలివాని కాలిక్రింది నేల జారిపోవుచుండెను. ఊరందరికి ఉమ్మడిగా నుండిన బీళ్లను, మేత భూములను కంచెలు వేసి సొంత ఆస్తులుగా పంచుకొనుటకు ఇంగ్లండు పార్లమెంటు 1604 మొదలు 1914 వరకు 5,200కు పైగా చట్టములు చేసెను. వాటివలన 68 లక్షల యెకరములు, అనగా ఆ దేశపు నేలలో అయిదవ వంతు, కంచెలలోపలికి పోయెను. ఒక ఆవును, నాలుగు బాతులను ఉమ్మడి బీటిలో మేపుకొని బ్రదికినవాడు ఉత్త కూలివాడాయెను. పటములలో పల్లె అందము పెరుగుచుండగా పల్లెలో వాని గంజి పలుచనగుచుండెను.

విలియం గిల్పిన్ అను పాదిరిగారు ఇంగ్లండు దక్షిణ భాగములోని బోల్డర్ అను గ్రామములో 1777 మొదలుకొని సంఘకాపరిగా నుండిరి. దేశములో తిరిగి, కొండలను నదులను చూచి, పటమునకు తగిన అందమేదో జనులకు నేర్పుచు పుస్తకములు వ్రాసిరి. ఆయన 1786లో ప్రకటించిన ఒక పుస్తకములో చెప్పిన మాట యొకటి చాలకాలము చిత్రకారుల మనస్సులలో నిలిచెను. దాని భావమేమనగా, నీతిదృష్టితో చూచినయెడల కష్టించి పనిచేయు పనివాడు మేలు. పటపు దృష్టితో చూచినయెడల రాతిమీద ఆనుకొని ఊరకనున్న పల్లెవాడే మేలు. ఒక్క మనుష్యునికి రెండు కన్నులుండి, ఒక కన్ను నీతిని, ఒక కన్ను అందమును చూచునట్లును, రెండింటికిని పొత్తు కుదరనట్లును ఆయన చెప్పిరి. దైవసేవకుడు ఇట్లు చెప్పవచ్చునా అని మనకు తోచును. అయితే ఆ గిల్పిన్‌గారే తాము గీసిన బొమ్మలను 1802లో వేలమునకు పెట్టించి, వచ్చిన సొమ్మును తమ గ్రామములోని బీద పిల్లల బడికి ఇచ్చిరి. పుస్తకములో విడిపోయిన రెండు కన్నులు ఆయన బ్రదుకులో ఒక్కచోట చేరెను. అందరికిని అట్లు చేరలేదు.

ఇక్కడ నేను చెప్పబోవు పటములలో అనేకము ఎచింగు అను పద్ధతిని చేసినవి. ఆ పని తెలిసినగాని తక్కిన సంగతి తెలియదు. నున్నని రాగి రేకుమీద మైనపు పూత పూసి, దానిని పొగచూర్చి నల్లగా చేయుదురు. చిత్రకారుడు సన్నని సూదితో ఆ మైనముమీద గీయును. సూది పోయినంతమేర మైనము తొలగి రాగి మెరయును. పిమ్మట రేకును ఘాటైన ఆమ్లములో వేయుదురు. మన కంసాలులు బంగారమును పరీక్షించుటకు వాడు ద్రావకము వంటిదే. ఆమ్లము మైనమును ఏమియు చేయలేదు, గీత పడిన చోట రాగిని మాత్రము కొరుకును. కొంతసేపటికి రేకును తీసి, లేతగా నుండవలసిన గీతలకు వార్నీషు పూసి కాపాడి, ముదురుగా నుండవలసిన గీతలను మరల ఆమ్లములో నుంచి లోతుగా కొరికింతురు. ఎవరు లేతగా నుండవలెను, ఎవరు లోతుగా దిగవలెను అను నిర్ణయమంతయు చిత్రకారునిదే. ఆ మీదట గాళ్లలో సిరా నింపి, తడి కాగితము పరచి, బరువైన యంత్రముతో నొక్కిన పటము వచ్చును. అది కుడి యెడమలు మారి వచ్చును. చిత్రకారుడు జాగ్రత్త పడనియెడల విత్తనములు చల్లువాడు ఎడమచేతితో చల్లుచున్నట్టు కనబడును. ఇట్టి పొరపాటును పట్టుకొనువాడు కొనువాడు కాడు, ఎన్నడైన చూచుట తటస్థించినయెడల ఆ విత్తువాడే!

విలియం హెన్రీ పైన్ అను చిత్రకారుడు 1803లో ఒక పెద్ద పుస్తకమును ప్రారంభించెను. దాని పేరునకు చిన్న ప్రపంచమని అర్థము. గ్రేటు బ్రిటనులోని వ్యవసాయము, చేతిపనులు, కర్మాగారములు అన్నింటిలో పనిచేయు మనుష్యులను గుంపులు గుంపులుగా ఎచింగు చేసి చూపుట దాని ఉద్దేశము. అట్టి గుంపులు వెయ్యికి పైగా నున్నవి. ఎండుగడ్డి వేయువారు, రంపము కోయువారు, ఇటుకలు చేయువారు, బెస్తలు, తిరిపెగాండ్రు, తిరుగలివారు, ఒకరిని విడువలేదు. ఇంత శ్రమపడి ఈ పనివారిని ఎందుకు గీసెనని అడుగుదుమా? పుస్తకపు పేరులోనే జవాబు వ్రాసియున్నది. ప్రకృతి దృశ్యములను అలంకరించుటకు! పొద్దుపోక బొమ్మలు గీయు దొరలు, దొరసానులు చెట్టు గీసి, ఏరు గీసి, ఒక మూల వెలితిగా తోచినప్పుడు ఈ పుస్తకము తెరచి, ఒక పాలపిల్లనో కట్టెలవానినో ఏరుకొని అక్కడ దింపుకొనవలెను. 1815లో ఆయన మరియొక పుస్తకమును అచ్చువేయించెను. దాని పేరును అంతే: దృశ్యములను అలంకరించుటకు పల్లెటూరి మనుష్యుల ఎచింగులు.

ఆ పేరును నేను పలుమారులు తలపోసితిని. మల్లెపూవు కొప్పునకు అలంకారము, మామిడాకు గుమ్మమునకు అలంకారము. మనుష్యుడు దేనికి అలంకారము? ఈ పైన్‌ను తిట్టుటకు నాకు మనసొప్పదు. ఆయన పనివారి చేతులను ఎరిగినవాడు. నాగలి కర్ర ఎట్లు పట్టుకొందురో, బండి చక్రము ఎట్లు కట్టుదురో తప్పులేకుండ గీసెను. నాటి పనిముట్లను గూర్చి తెలిసికొనగోరు చరిత్రకారులు నేటికిని ఆయన పుటలను వెదకుదురు. అలంకారమునకని గీసినది సాక్ష్యముగా మిగిలెను. ఆయన ముసలితనములో అప్పులపాలై చెరసాలలో ఉండవలసివచ్చెను. తానే ఒక బీదవాడై యుండగా తన్ను ఏ దృశ్యమునకు అలంకారముగా ఎవరైన గీసిరేమో!

అదే కాలములో జాన్ థామస్ స్మిత్ అనునాయన మరియొక రీతిని చూచెను. ఈయన బ్రిటిషు మ్యూజియములో పటముల భాగమునకు పెద్దగా నుండినవాడు. 1815లో పార్లమెంటువారు బిచ్చగాండ్ర సంగతి విచారించుటకు ఒక సంఘమును నియమించిరి. బిచ్చగాండ్రను వీధులనుండి తొలగించు కాలము వచ్చుచున్నదని యెంచి, స్మిత్ వారిని చూచి గీసి 1817లో పుస్తకముగా వేసెను. ఆయన బిచ్చగాండ్రయెడల ఎల్లప్పుడు దయగా వ్రాయలేదు, మోసగాండ్రను మోసగాండ్రనియే వ్రాసెను. అయినను ఒక పని చేసెను. అనేకుల పేరు అడిగెను, కథ అడిగెను.

ఆ పుస్తకములో జోసెఫ్ జాన్సన్ అను నల్లజాతి నావికుడున్నాడు. వర్తకపు ఓడలలో పనిచేసి గాయపడి పనికిరానివాడాయెను. రాజుగారి నౌకాదళములో చేయలేదు గనుక పింఛను రాదు. ఇంగ్లండులో ఏ పారిష్‌కును చెందినవాడు కాడు గనుక ఏ ఊరివారును వానిని పోషింపనక్కరలేదు. (ఆ దినములలో ప్రతి పారిష్ తనవారిని మాత్రమే పోషించెడిది, బీదవానికి ఆకలికంటె ముందు ఊరుండవలెను.) ఈ జాన్సన్ ఒక ఓడ నమూనాను కట్టుకొని టోపీమీద పెట్టుకొనెను. పాడుచు తలవంచి లేచునప్పుడు ఆ ఓడ అలలమీద తేలుచున్నట్టు కనబడును. లండను వీధులలోనే గాక రామ్‌ఫర్డు, సెయింట్ ఆల్బన్స్ మొదలగు సంత ఊళ్లకును పోయెడివాడు. బండ్లవారు జాలిపడి ఎక్కించుకొనెడివారు. స్మిత్ గీసిన పటములో అతడు చేతికర్రలతో నిలుచున్నాడు, తలమీద ఓడ యున్నది. ఇన్నూరేండ్లు గడచినను అతని పేరు మనకు తెలియును. ఆ సంవత్సరమున వానికి పెన్నీ వేయక తప్పుకొని పోయిన దొరల పేర్లు ఎవరికి తెలియును? సువార్తలోని ధనవంతునికి పేరు లేదు, వాని వాకిట పడియున్నవానికి పేరున్నది. ఆ సంగతి మన చదువరులకు నేను జ్ఞాపకము చేయనక్కరలేదు.

స్కాట్లండులో ఒక పాదిరిగారి కుమారుడు డేవిడ్ విల్కీ. ఆయన 1807లో చిత్రించిన 'శిస్తు దినము' అను పటమును అబ్రహాం రెయింబాక్ అను శిల్పి రాగిమీద చెక్కి 1817లో అచ్చువేసెను. ఇది ఆమ్లముతో చేసినది కాదు, ఉలితో చెక్కినది. భూస్వామి గుమాస్తా బల్లయొద్ద కూర్చుండి లెక్క చూచుచుండగా కౌలుదారులు వరుసగా వచ్చుచున్నారు. ఒకడు వ్రేళ్లు లెక్కించుకొనుచున్నాడు. ఒక విధవ పిల్లలతో కూర్చున్నది, ఆమె బిడ్డ తాళపుచెవిని నోట పెట్టుకొన్నది. ఈ పటమును అందరును మెచ్చుకొనిరి. విల్కీ 1815లో దీనికి తరువాయి కథవంటి పటము వేసెను. ఇందులో శిస్తు చెల్లింపలేని రైతు యింటిలో అమీనా వచ్చి జప్తు వ్రాసికొనుచున్నాడు. యజమాని చేతిమీద తల ఆనించుకొని కూర్చున్నాడు, భార్య సొమ్మసిల్లినది, ఇరుగుపొరుగువారు అమీనాతో వాదించుచున్నారు. ఈ పటమును గొప్పవారి సంఘమొకటి ఆరువందల గినీలకు కొనెను. కొని, ప్రజలకు చూపక దాచిపెట్టెను. భూస్వాములను నిందించునట్లున్నదని కొందరికి తోచెను. రెయింబాక్ దీనిని చెక్కి అచ్చువేయునప్పటికి 1828 వచ్చెను. శిస్తు కట్టుచున్న బీదవాడు గోడకు తగును, కట్టలేని బీదవాడు గోడకు తగడు. ఇద్దరును ఒక్కరే, నడుమ ఒక పంట పోయినది, అంతే.

ఇప్పుడు నాకు కష్టమైన చోటికి వచ్చుచున్నాను. ఇంతవరకు చెప్పినవారిలో కొందరు వ్యాపారులు, కొందరు ఉద్యోగస్థులు. వారి దోషములను ఎంచుట సులభము. శామ్యూల్ పామర్ అట్టివాడు కాడు. ఆయన 1805లో లండనులో ఒక పుస్తకముల వర్తకునికి పుట్టెను, ఆ తండ్రి బాప్టిస్టు. పామర్ యౌవనముననే గాఢమైన భక్తిపరుడు. 1826లో లండనుకు సుమారు 20 మైళ్ల దూరములోనున్న షోరం అను గ్రామమునకు పోయి, సుమారు పదేండ్లు అక్కడ నివసించెను. అది కెంటు మండలములో చిన్న లోయ. గొర్రెలు, గోధుమచేలు, పాత గుడి. ఆయనయు, ఆయన స్నేహితులును వెన్నెలలో కొండలమీద తిరిగి, ఆకాశము చూచుచు, పాడుకొనుచు పోయెడివారు. ఊరివారు వారిని చూచి జ్యోతిష్కులనుకొని, ఆ మాట నోరు తిరుగక వేరొక మాటగా పలికెడివారట! పల్లెవారిని చూడవచ్చినవారిని పల్లెవారును చూచిరన్నమాట. అది ఏ రేకుమీదను గీయబడలేదు.

షోరములో చూచినదానిని పామర్ జీవితాంతము మరువలేదు. 1850లో ఎచింగు పని నేర్చి, అది మొదలు 1881లో చనిపోవువరకు పదమూడు రేకులు మాత్రమే చేసెను. ఒక్కొక్క రేకును నెలలు సంవత్సరములు దిద్దెడివాడు. 'కడపటి గొర్రెను దొడ్డికి తోలుట' అనునది 1850 నాటిది. క్రిస్మసు రాత్రి, చంద్రుడు, తలుపు తెరచియున్న గుడిసె, లోపల దీపము. కాపరి చివరి గొర్రెను లోపలికి పంపి తడిక మూయుచున్నాడు. ఆ చిన్న కాగితము అరచేతులలో పట్టునంత యుండును. అయితే దానియెదుట కూర్చున్నవాడు గొంతు తగ్గించి మాటలాడును. 'అలసిన దున్నువాడు' 1858 నాటిది, 'వేకువ దున్నువాడు' 1861 ప్రాంతపుది. కొండలమీద ఎఱ్ఱబారు వేకువలో ఎడ్లను తోలుచు దున్నువాడు నడచుచున్నాడు. కూలిపనిని ఇంత పరిశుద్ధముగా చూచిన చేయి ఇంగ్లండు దేశములో మరియొకటి లేదని నా అభిప్రాయము. పామర్ పటములో కాపరి అలంకారము కాడు. ఆ వెలుగంతయు అతని కొరకే యున్నట్లుండును.

అయితే ఆ వెలుగు ఆయన కంటబడిన ఆ లోయలోను చుట్టుప్రక్కలను ఏమి జరిగెనో వినుడి. కూలివారు చలికాలములో ధాన్యము కొట్టుకొని, ఆ కూలితో బ్రదికెడివారు. నూర్పిడి యంత్రములు వచ్చి ఆ పని తీసివేసెను. 1830 ఆగస్టు నెలలో అదే కెంటు మండలములో, కాంటర్‌బరీ పట్టణమునకు దగ్గర, కూలివారు ఒక యంత్రమును విరుగగొట్టిరి. అక్కడనుండి ఆ అల్లరి దక్షిణ ఇంగ్లండంతయు ప్రాకెను. గడ్డివాములు తగులబడెను. 'కెప్టెన్ స్వింగ్' అను లేని మనుష్యుని పేరున భూస్వాములకు బెదరింపు ఉత్తరములు పోయెను. కెంటులోని కూలివారు అడిగినది దినమునకు రెండున్నర షిల్లింగుల కూలి. వారు ఒక్కనినైనను చంపలేదు. ప్రభుత్వము సుమారు 2,000 మందిని విచారించి, 19 మందిని ఉరితీసి, సుమారు 500 మందికి ద్వీపాంతర శిక్ష విధించి, 600 మందికి పైగా చెరలో వేసెను.

1832లో ఎన్నికలు వచ్చెను. అప్పుడు పామర్ ఏమి చేసెను? తన పేరు చెప్పక ఒక కరపత్రమును అచ్చువేయించెను. పశ్చిమ కెంటు ఓటర్లకు విన్నపమని దాని పేరు. మార్పు కోరువారిని గట్టిగా ఖండించి, పాత ఏర్పాటును, దానిని నిలుపగోరు టోరీ పక్షమును సమర్థించెను. ఓటర్లకు అని వ్రాసెను గదా! ఆ సంవత్సరపు చట్టము ప్రకారము కాపరికి ఓటు లేదు, దున్నువానికి ఓటు లేదు, నూర్పిడివానికి ఓటు లేదు. ఇంగ్లండు పల్లె కూలివానికి ఓటు వచ్చినది 1884లో, పామర్ చనిపోయిన మూడేండ్లకు. తన పటములన్నింటిలో ఎవరిని వెలుగులో నిలిపెనో, ఆ మనుష్యులను గూర్చిన మాటలో వారిని తప్ప తక్కిన అందరిని సంబోధించెను.

ఈయనను వేషధారి అందుమా? అనుట సులభము గాని అది న్యాయము కాదు. ఆయన భక్తి నిజమైనది, కాపరిమీది ప్రేమయు నిజమైనదే. మంటలు చూచి భయపడుటయు మనుష్య స్వభావమే. గడ్డివాము తగులబెట్టుట మంచిపని అని నేనును చెప్పను. నన్ను తొలుచునది వేరొక సంగతి. దొడ్డి తడిక మూయుచు మౌనముగానున్న కాపరిని ఆయన ప్రేమించెను. ఆ కాపరియే తలయెత్తి, అయ్యా, ఈ కూలి నా పిల్లలకు చాలదు అని పలికినప్పుడు ఆ ముఖము ఆయనకు గుర్తుపట్టలేని ముఖమాయెను. ఓరిమిగల బీదవానిని ప్రేమించుట ఒకటి, బీదవానిని ప్రేమించుట ఒకటి. మొదటిదానిలో మనము ప్రేమించునది ఆ ఓరిమి వలన మనకు కలుగు నెమ్మదియేమో! భక్తిగలవారికి ఈ అపాయము మరి యెక్కువ. వారు బీదవాని శాంతములో దేవుని శాంతమును చూతురు. ఆ శాంతము చెదరినప్పుడు దేవుడే కదలినట్లు కలవరపడుదురు.

మాటలాడిన దున్నువాడొకడు ఆ కాలముననే యుండెను. పామర్ తన పత్రమును వేసిన రెండేండ్లకు, డార్సెట్ మండలములోని టోల్‌పడిల్ గ్రామములో జార్జి లవ్‌లెస్ అనునాతడు పట్టుబడెను. ఆతడు నాగటి పాలేరు, మెథడిస్టు సంఘములో జీతము లేని బోధకుడు. వారమంతయు దున్ని, ఆదివారము వాక్యము చెప్పెడివాడు. ఆ ఊరి కూలి వారమునకు తొమ్మిది షిల్లింగుల నుండి ఎనిమిదికి, ఏడుకు దిగి, ఇక ఆరు అని చెప్పబడెను. లవ్‌లెస్ తరువాత తానే వ్రాసిన ప్రకారము, ఇతర గ్రామములతో సమానముగా కూలి ఇత్తుమని యజమానులు మాటయిచ్చినప్పుడు ఆ ఊరి పాదిరిగారు సాక్షిగా నుండిరి, పిమ్మట ఆ మాట ఎరుగనని పలికిరి. కూలివారు యంత్రమును ముట్టలేదు, వామును ముట్టలేదు. ఒక సంఘముగా కూడుకొనిరి. కూడినప్పుడు ప్రమాణము చేయించుకొన్నారని, 1797 నాటి చట్టమొకటి వెదకి తెచ్చి, 1834 మార్చిలో ఆరుగురికి ఏడేసి సంవత్సరముల ద్వీపాంతర శిక్ష వేసిరి. దేశమంతట గొప్ప ఆందోళన పుట్టగా 1836లో వారిని క్షమించి విడిచిరి. కావున కూలివారు మంటలు పెట్టిరి గనుకనే పెద్దలు భయపడిరను మాట నిలువదు. మంట పెట్టనివానికిని నోరు తెరచినందుకే శిక్ష పడెను.

ఇందుకు ఒకరు ఇట్లనవచ్చును: చిత్రకారుడు పిటిషను వ్రాయువాడు కాడు. అందమును చూపుట అతని పని. కూలి సంగతి శాసనసభలో తేల్చుకొనవలెను. ఈ మాటలో కొంత సత్యమున్నది. ప్రతి పటములోను ఆకలి కనబడవలెనని నియమము పెట్టినయెడల బీదవాడు తన బ్రదుకులో ఎన్నడును సంతోషించలేదని అబద్ధమాడినట్లగును. కోతలనాడు పాట లేదా? పొద్దువాలి యింటికి వచ్చువానికి దీపము చూచి హాయి లేదా? పామర్ ఆ హాయిని చూచెను, అది కల్పన కాదు. బీదవాని కన్నీటిని మాత్రమే గీయువాడును ఒక విధముగా వానిని అలంకారముగా వాడుకొనువాడే. దృశ్యమునకు కాకపోయినను తన జాలికి అలంకారముగా.

ఈ కడపటి మాట మనకును దగ్గరిది. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో గొప్ప కరవు వచ్చినప్పుడు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలి పాడాయెను. లండనులోని ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ అను పత్రిక 1877లో ఆ కరవు బొమ్మలను చెక్క దిమ్మెలపై చెక్కించి అచ్చువేసెను. ఎముకలగూడులవలె నున్న స్త్రీ పురుషులు, పిల్లలు. ఆ యేడు లండను నగర పెద్ద తెరచిన నిధికి లక్షలకొలది పౌనులు చందా వచ్చెను. అట్టి బొమ్మలు హృదయములను కదలించెను గనుక అవి వట్టి అలంకారమని నేననను. అయినను ఆ బొమ్మలలోని మనుష్యులకు పేర్లు లేవు. వారిలో ఎవరు కర్నూలు ప్రాంతపు రైతు, ఎవరు ఎవరి తల్లి, అడిగినవాడు లేడు. అప్పు తీర్చలేక ఎద్దులమ్ముకొన్నవాని కథ ఆ పుటలో లేదు. ఆ పేరు తెలియని ముఖములలో ఒకటి మనలో ఎవరికైన ముత్తవ్వ ముఖమై యుండవచ్చును.

అల్ఫోన్స్ లెగ్రో అను ఫ్రెంచివాడు 1863లో లండనుకు వచ్చి స్థిరపడి, స్లేడ్ అను చిత్రకళాశాలలో 1876 మొదలు 1892 వరకు ఆచార్యుడుగా నుండి, అనేకులకు ఎచింగు నేర్పెను. ఆయన రేకులలో 'దిమ్మరి మరణము' అనునదొకటి. గాలివానలో చెట్టు వంగినది. దానిక్రింద ఒక ముసలివాడు పడియున్నాడు. ఊరు లేదు, దీపము లేదు, చూచువాడు లేడు. ఆ పటములో అందమున్నదా అని నన్నడిగినయెడల ఉన్నదనియే చెప్పుదును. కాని అది చూచువానిని హాయిగా కూర్చుండనీయదు. నేను చూచిన పటములలో, బీదవాడు తనయెదుటనున్న మనలను అడుగక అడుగుచున్నట్లు తోచినది అదియే. అతనికి పేరు లేదు, స్మిత్‌వలె అడిగి తెలిసికొనుటకు లెగ్రోకు సందు లేదు. దారిలో చచ్చినవానిని ఎవరు ఏమని అడుగుదురు?

టోల్‌పడిల్ ఆరుగురిలో అయిదుగురు తరువాత సముద్రము దాటి కెనడాకు పోయిరి. జేమ్స్ హామెట్ ఒక్కడే తన ఊరికి తిరిగి వచ్చి పనిచేసికొని బ్రదికెను. ముసలితనములో చూపు పోగా ఎవరికిని భారము కాకూడదని తనంతట తానే డార్చెస్టరులోని బీదల పనియింటికి పోయి, 1891లో అక్కడ చనిపోయెను. టోల్‌పడిల్ గుడి ఆవరణములో పాతిపెట్టిరి. 1934లో దేశపు కార్మిక సంఘములవారు ఆ గోరీమీద ఒక రాయి నిలిపి, దానిమీద ఆయన పేరు చెక్కించిరి.